ఎనిమిదో పెట్టె

జయంధరుడు కనుమ మలుపు తిరిగాడో లేదో, అతని గుర్రం నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపట్టి నిలబడిపోయింది. దాని తప్పేమీ లేదు లెండి. కేతకీపుర రాజకుమారుడు, పులుల నోళ్ళలోకి తొంగిచూసినవాడు, అతనికే నోట మాట రాలేదు. నోరులేని జంతువు, అదేం చేస్తుంది పాపం!

ఎదురుగా ఒక కొండ కరిగిపోతోంది.

కరిగిపోతోందనే అన్నాను. మాట తూలి అనలేదు. నింగికి నిచ్చెన వేసినట్టున్న ఎర్రమట్టి కొండ, దాని పేరు పైడికొండ, పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక పక్కనుంచి బెల్లపు దిమ్మలా కరిగి కిందికి జారుతోంది. ఇల్లంతేసి మట్టిపెళ్ళలు విరిగి పడుతున్నాయి. పడిన ప్రతిసారీ గుర్రం డెక్కల కింద నేల అదురుతోంది. ఆ ధ్వని చెవులకు వినిపించేది కాదు, రొమ్ములో దడదడలాడేది.

జయంధరుడు కళ్ళు నులుముకుని ఆ వింతకు మూలమేమిటా అని వెతికాడు. దూరాన నీలిపర్వతం నెత్తిన, మేఘాల మధ్య, ఒక సరస్సు మెరుస్తోంది. దాని గట్టుకు గండి కొట్టి, అక్కడినుంచి కొయ్యదోనెలను ఒకదాని నోట ఒకటి పెట్టి, మూడామడల పొడవున నీటికి దారి వేశారు. లోయలు అడ్డొచ్చిన చోట టేకు మానులు నిలబెట్టి, ఆ దోనెలను ఆకాశంలోనే నడిపించారు. కిందనుంచి చూస్తే ఏరొకటి నేల మీద నడవడం చిన్నతనమనుకుని గాలిలో నడుస్తున్నట్టుంది. ఆ ఏరు పైడికొండకు ఎదురుగా ఉన్న గుట్ట కొసకు వచ్చి, దున్నతోళ్ళు కుట్టి చేసిన పొడవాటి గొట్టంలోకి ఒక్కసారిగా దూకుతోంది. గొట్టం చివర కంచుతో పోతపోసిన మకరం తల ఉంది, గున్న ఏనుగంత. ఆ మకరం నోట్లోంచి తాటిమానంత నీటిస్తంభం, తెల్లగా, వంకర లేకుండా, బుస కొడుతూ వెళ్ళి కొండ పాదాన్ని తాకుతోంది. తాకిన చోట ఇంద్రధనుస్సులు పుడుతున్నాయి, ఒకటి చెరిగేలోపు మరొకటి.

"శంభో! మనుషులే చేశారా ఇది!" అన్నాడు జయంధరుడు.

మనుషులే చేశారు. చేయించినవాడు మాత్రం మాంత్రికుడు జృంభకుడు.

ఈ జృంభకుడి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ వేళ దొరకదు. చావులేని శరీరం కావాలని వాడి దురాశ. అందుకోసం తన అచ్చున నిలువెత్తు బంగారు బొమ్మ చేయించాడు. ఆ బొమ్మ గుండెలో ఒక రాజు ప్రాణం పోస్తే అది లేచి కూర్చుంటుంది, అందులోకి తాను దూరవచ్చు. మూడు నెలల క్రితం కేతకీపురంలో పట్టాభిషేకానికి సిద్ధమైన మణిరథుడి ప్రాణాన్ని వాడు మంత్రబలంతో పెకలించి, ఆవగింజంత బంగారు రేణువుగా మార్చి, ఆకాశమార్గాన పట్టుకుపోయాడు. దారిలో పిడుగు పడింది. రేణువు వాడి చేతినుంచి జారి పైడికొండ మీద పడి, మట్టిలో కలిసిపోయింది. అసలే బంగారం పుట్టిన కొండ. లక్ష రేణువుల్లో ఆ ఒక్కటి ఏదో ఎలా పోల్చుకోవడం? జృంభకుడు పోల్చుకోదలచలేదు. కొండనంతా కడిగించి, దొరికిన బంగారమంతా ఒకే మూసలో కరిగించి, బొమ్మ గుండెలో పోసేస్తే సరి అనుకున్నాడు. ఈ పౌర్ణమి సూర్యాస్తమయమే వాడి ముహూర్తం.

ఆ మణిరథుడు జయంధరుడికి అన్న. అంతఃపురంలో ఆయన దేహం ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి మాత్రం లేదు. మూసలో రేణువు కరిగిందా, ఆ దేహం చల్లబడుతుంది. ఈ రోజే పౌర్ణమి. పొద్దు అప్పటికే జామెక్కింది.

జయంధరుడు గుర్రాన్ని పొదల్లో కట్టేసి, నగలూ కత్తీ జీనులో దాచి, ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని, తలకు పాతగుడ్డ చుట్టుకున్నాడు. రాజకుమారుడు పోయి కూలివాడు లింగడు కిందికి దిగాడు.

మకరం దగ్గర గుట్టలాంటి మనిషొకడు, మరో ఇద్దరితో కలిసి, దాని మెడ కింది కొయ్యకాడి పట్టుకుని వేలాడుతున్నాడు. పేరు పెద్దన్న. మకరం పట్టేవాళ్ళకు వాడు మేస్త్రీ.

"ఎవుర్రా నువ్వు? యాడనుంచొచ్చినావు?" అని అరిచాడు, నీటిహోరులో అరవక తప్పదు.

"పని కోసమొచ్చా అన్నా! పేరు లింగడు."

"మాటలు తరవాత. కాడి పట్టు. నిన్న ఒకడి భుజం ఊడిపాయ, నలుగురు పట్టాల్సింది ముగ్గురం పట్టినాము. వదిలినావంటే అది నిన్ను ఆ కొండకేసి కొడతాది, చెప్పలేదనేవు!"

జయంధరుడు కాడి పట్టాడు. పట్టీపట్టగానే అతని పళ్ళు టకటకలాడాయి. మదించిన ఏనుగు తొండం పట్టుకున్నా ఇంత ఊపు ఉండదు. నాలుగు ఘడియలు గడిచేసరికి చేతులు తనవో పరాయివో తెలియకుండా పోయాయి. అయినా కళ్ళు మాత్రం ఆ నీటిస్తంభం మీదినుంచి తిప్పుకోలేకపోయాడు.

కొండ పాదం దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చేతిలో వెదురుబొంగు. ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. ఆమె ఓబులమ్మ. తరతరాలుగా ఆ మట్టి కడిగి బంగారం తీసే జలగడుగువాళ్ళకు ఆమే పెద్ద. నీళ్ళు కొండ పాదాన్ని తొలిచేకొద్దీ పైభాగం చూరులా వేలాడుతుంది. అది ఎప్పుడు విరిగేదీ లోపలి మట్టి చిటపటల్ని బట్టి ఓబులమ్మకు తెలుస్తుంది. ఆమె ఎర్రగుడ్డ ఎత్తితే ఎవరి కాళ్ళకు వాళ్ళు బుద్ధి చెప్పాలి, అంతే.

మిట్టమధ్యాహ్నం ఎర్రగుడ్డ లేచింది.

అందరూ పరుగు తీశారు. కానీ జృంభకుడి భటుడొకడు కొరడా ఝళిపించి, "పని ఆపితే తోలు తీస్తా! సాయంత్రానికి కొండ అయిపోవాలి!" అని పెద్దన్నకు అడ్డం పడ్డాడు. తప్పుకోబోయిన పెద్దన్న కాలు గొట్టం మెలికలో ఇరుక్కుంది. భటుడు తలెత్తి చూసి, కొరడా అక్కడే పారేసి చక్కా పోయాడు.

తలపైన కొండచూరు ఫెళ్ళుమంది. సగం ఊరంత మట్టి, నడిబొడ్డున రథమంత బండరాయితో సహా, నింపాదిగా ముందుకు వాలింది.

"పో అబ్బీ! నువ్వన్నా బతుకు!" అని కేక పెట్టాడు పెద్దన్న.

జయంధరుడు పోలేదు. మకరం మెడ మీదికి దూకి, కాడిని రెండు చేతులా కౌగలించుకుని, నలుగురు తిప్పాల్సిన దాన్ని ఒక్కడే పైకి తిప్పాడు. వెన్ను విరిగినంత పనైంది. నీటిస్తంభం కొండ పాదాన్ని వదిలి ఆకాశానికి లేచింది, లేచి, పడుతున్న బండరాయిని గాలిలోనే గుద్దింది. ఆ రాయి ఆగింది. నమ్మండి, రెప్పపాటు కాలం ఆ బండ నీటి కొస మీద బొంగరంలా తిరిగింది, పగిలింది, చుట్టూ ఉన్న మట్టిని కూడా తోసుకుంటూ రెండు చెక్కలై చెరోవైపు పడింది. మధ్యలో బురదవానలో తడిసిపోతూ పెద్దన్న, కాడి మీద రాజకుమారుడు, ఇద్దరూ ప్రాణాలతోనే ఉన్నారు.

పెద్దన్న కాలు లాక్కుని, కొండనూ జయంధరుణ్ణీ మార్చి మార్చి చూసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "నా పెండ్లాం పసుపుకుంకాలు నిలబెట్టినావు గదరా సామీ!" అన్నాడు.

ఓబులమ్మ మాత్రం ఏడవలేదు. వచ్చి, జయంధరుడి చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూసింది. "ఈ కాయలు పార పట్టినవి కావు నాయనా. కత్తి పట్టినవి. ఎవురు నువ్వు?"

"కూలివాణ్ణే అవ్వా."

"సరే. చెప్పబుద్ధయినప్పుడు చెప్పు," అని వెళ్ళిపోయింది.

అప్పుడే నిజం చెప్పి ఉంటే ఎంత బాగుండేది! రాజకుమారులకు జాగ్రత్త నేర్పడానికి గురువులుంటారు, ఎవర్ని నమ్మాలో నేర్పే గురువు ఒక్కడూ ఉండడు. ఆ ఒక్క అబద్ధం అన్న ప్రాణం మీదికి తెచ్చింది, చూడండి.

పొద్దు వాలేసరికి నీలిపర్వతం దగ్గర తూము మూసేశారు. నీళ్ళు ఆగిపోయాయి. ఆ హోరు ఆగగానే వచ్చిన నిశ్శబ్దానికి అందరూ తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. కొండ ఉన్న చోట ఇప్పుడు ఒక పెద్ద ఎర్రటి గుంట, దాని మధ్య సూదుల్లా నిలిచిన మట్టిస్తంభాలు. దేవతలు కాపురముండి ఖాళీ చేసి వెళ్ళిన నగరంలా ఉంది.

కొండ పాదం నుంచి కింద పారే పైడేటి ఒడ్డుదాకా మెట్లుమెట్లుగా పొడవాటి కొయ్యపెట్టెలు వరసగా ఉన్నాయి. కొండమట్టి అంతా నీళ్ళతో కలిసి వాటి గుండానే పారాలి. పెట్టెల అడుగున అడ్డంగా బద్దలు కొట్టి ఉంటాయి. మట్టి తేలికది, పారిపోతుంది. బంగారం బరువుది, బద్దల వెనక దాక్కుంటుంది. జృంభకుడు అంతటితో తృప్తిపడక, బద్దల సందుల్లో పాదరసం పోయించాడు. పాదరసం కనిపించిన బంగారాన్నల్లా కరుచుకుని వదలదు. "ధూళిలో ధూళి కూడా తప్పించుకోదు" అని వాడి ధీమా.

జృంభకుడు రానే వచ్చాడు. పులిచర్మం మీద కూర్చుని గాలిలో తేలుతూ దిగాడు. ఎముకలగూడు లాంటి దేహం, నిప్పుకణికల్లాంటి కళ్ళు. వాడి వెనక బండి మీద బంగారు బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది, రొమ్ములో దోసెడంత గుంటతో. దాని పక్కన కొలిమి, కొలిమి మీద మూస ఎర్రగా కాలుతోంది.

"తీయండి! పొద్దు గుంకేలోగా మూస నిండాలి!" అన్నాడు.

ఆడవాళ్ళు పెట్టెలు కడిగారు. పాదరసాన్ని జింకతోలులో వేసి పిండితే రసం కారిపోయి, పసిడిముద్ద మిగిలింది. గంపలు మోసే వంకతో జయంధరుడు ఒక్కో పెట్టె బంగారంలోనూ వేళ్ళు పోనిచ్చి తడిమాడు. ప్రాణమున్న రేణువు వెచ్చగా ఉండాలి, గుండెలా కొట్టుకోవాలి. మొదటి పెట్టె బంగారం చల్లగా తగిలింది. రెండోదీ అంతే. చూస్తూ చూస్తూ ఏడో పెట్టె కూడా మంచుముద్దలా తగిలింది. పడమటి కొండ మీద సూర్యుడికి ఇంకా నిలువెడు దూరమే ఉంది.

అప్పుడు ఆడవాళ్ళ పాట వినిపించింది. నలుగురు ఆడవాళ్ళు నొసట కుంకుమ దిద్దుకుని, తలల మీద మట్టిగంపలతో, వెనక్కి తిరగకుండా ఏటివైపు నడుస్తున్నారు.

"అవ్వా, ఆ గంపలేమిటి?" అని ఓబులమ్మను అడిగాడు.

"ఎనిమిదో పెట్టె మట్టి. ఎనిమిదోది మాది కాదు నాయనా, ఏటితల్లిది. దాంట్లో ఏం పడ్డా మేము చూడము, కడగము. పని ముగిసినాక తీసకపోయి ఆయమ్మకే ఇచ్చేస్తాము. మా తాతల కట్టు. ఆ మాంత్రికుడు కూడా నవ్వి, 'రసం వదిలిన మట్టి మీ ఏటికే పొయ్యండి' అన్నాడు."

జయంధరుడు ఇక దాచలేకపోయాడు. నేను కేతకీపుర రాజకుమారుణ్ణి అవ్వా అని మొదలుపెట్టి, అన్న సంగతీ రేణువు సంగతీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

వింటూ వింటూ ఓబులమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఎంత పని చేస్తిమి! బతికున్న బంగారం రసానికి లొంగదు నాయనా. చచ్చినదాన్నే రసం పట్టేది. మద్యాన్నం ఆ బండరాయి పగిలినంక వచ్చిన మట్టిలో ఒక రవ్వ, చీమ మాదిరి, రసం మీద నడుచుకుంటా పోయింది. ఏడు పెట్టెలూ దాటి ఎనిమిదో దాంట్లో దిగింది. ఈ కండ్లతో చూసినా!"

"చూసి చెప్పలేదా?"

"ఏటితల్లి సొమ్మును చూడడమే తప్పు, ఇంక నోరు తెరిచి చెప్పేదా!"

"వాళ్ళను ఆపమను అవ్వా!"

"నేను పిలిచినా ఆగరు. బిడ్డ నిప్పులో పడిందన్నా ఏటిసొమ్ము ఎత్తుకున్నోళ్ళు తిరిగి చూడరు." ఆమె అతని వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "నిలబడతావేంది? పరిగెత్తు!"

జయంధరుడు పరుగందుకున్నాడు. తలగుడ్డ ఎగిరిపోయింది, రాజలాంఛనంగా పెంచుకున్న జుట్టు భుజాల మీద పడింది. జృంభకుడు చూశాడు. కూలివాడు అలా పరిగెత్తడు. వాడు మూసనూ గంపలనూ మార్చి మార్చి చూసి, పళ్ళు నూరి, చేతిలోని కపాలాన్ని కంచుమకరం వైపు విసిరాడు.

కంచు కదిలింది. ఒట్టి పోతపని, కళ్ళు తెరిచింది. దవడలు కటకటలాడించి, కాడిని తుంచుకుని, దున్నతోలు గొట్టాన్నే తోకలా ఈడ్చుకుంటూ, రాళ్ళ మీద నిప్పులు రాలేలా పాకుతూ జయంధరుడి వెంటపడింది. జనం పై ప్రాణాలు పైనే పోయాయి. దానికి బలం గొట్టంలో మిగిలిన నీరు. ఒక్క ఉమ్ముతో అది రాజకుమారుణ్ణి పదిబారల దూరం విసిరేసింది. లేచాడు. మళ్ళీ ఉమ్మింది. పక్కనున్న మట్టిస్తంభం పొడిపొడి అయింది.

"ఓరి నీ కంచు మూతి పగల! దినమ్మూ నిన్ను మోసిన చేతులురా ఇవి!" అని అరుస్తూ పెద్దన్న గొడ్డలితో దూకాడు. మకరం మీదికి కాదు, దాని వెనక గొట్టం మీదికి. కుట్టు ఎక్కడ బలహీనమో వాడికి తెలుసు. మూడు వేట్లు వేశాడు. గొట్టం చీలి, నీళ్ళన్నీ ఒక్కసారిగా పక్కకు చిమ్మాయి. మకరం నోరు తెరుచుకునే ఉంది, బొట్టు రాలేదు. ఉన్నచోటే మళ్ళీ కంచయిపోయింది.

జయంధరుడు ఒడ్డు చేరేసరికి ఆడవాళ్ళు పాట ఆపారు. నాలుగు గంపలూ ఒకేసారి వంగాయి. ఎర్రమట్టి పైడేటిలోకి జారింది.

ఒక్క క్షణం ఏమీ కనిపించలేదు. ఆ తరవాత నీటి అడుగున ఒక చిన్న వెలుగు పుట్టింది. ఆవగింజంత వెలుగే. అయితే అది పుట్టగానే పైడేరు అడుగునున్న ఇసుకంతా, యుగయుగాలుగా ఎవరి కంటా పడని బంగారు ధూళంతా, దాని చుట్టూ లేచి తిరగసాగింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఏరు మెరిసింది. గంపలు మోసిన ఆడవాళ్ళు చేతులు జోడించారు. ఓబులమ్మ దూరంనుంచే సాగిలపడింది. కొరడాలు పట్టిన భటులు సైతం మోకాళ్ళ మీద కూలారు.

జయంధరుడు దూకాడు.

ముందర రెండు బారల దూరంలో రేణువు. దానికవతల, వింటి వేటు దూరంలో, ఏరు కొండ అంచు దాటి అగాధంలోకి పడుతోంది. ఆ జలపాతం అడుగు చూసినవాడు లేడు. అతను చెయ్యి చాచాడు, రేణువు పక్కకు తప్పుకుంది. గుప్పెట బిగించాడు, వేళ్ళ సందునుంచి జారిపోయింది. మూడు నెలలు మట్టిలో ఒంటరిగా పడున్న ప్రాణం అది, ఏ చెయ్యి చూసినా శత్రువు చెయ్యే అనుకుంటోంది. అది తెలిసి జయంధరుడికి దుఃఖం ముంచుకొచ్చింది.

ఈత మానేశాడు. అరచెయ్యి వెల్లకిలా తెరిచి నీళ్ళ మీద పెట్టి, "అన్నా! నేనే అన్నా, జయాన్ని. నిన్ను పట్టుకోను. నీ ఇష్టముంటేనే రా," అన్నాడు.

వెనక సూర్యుడి అంచు కొండను తాకింది. ఒడ్డున మాంత్రికుడు ముహూర్తం దాటకుండా మూస వంచాడు. కరిగిన బంగారం బొమ్మ గుండెలో పడింది, బొమ్మ కదల్లేదు. జృంభకుడు పెట్టిన కేకకు అడవిలోని పక్షులన్నీ లేచాయి. వాడు పెనుగద్దగా మారి, ఏటి మీదికి గోళ్ళు చాపుకుంటూ వచ్చాడు.

జయంధరుడు తలెత్తలేదు. బంగారు సుడి నెమ్మదిగా విడిపోయింది. దాని నడుమనుంచి ఆ చిన్న వెలుగు వచ్చి, తటపటాయించి, అతని అరచేతి మధ్యలో కూర్చుంది. వెచ్చగా ఉంది. టుక్కు టుక్కుమని కొట్టుకుంటోంది.

గద్ద నీడ మీద పడింది. జలపాతం హోరు చెవులు నింపింది. రెండు చేతులూ ఈతకు కావాలి, మరి దీన్ని ఎక్కడ దాచడం? జయంధరుడు మరేమీ ఆలోచించలేదు, రేణువును నాలుక కింద పెట్టుకుని నోరు మూశాడు.

అంచు దగ్గరకు రాగానే అతని గొంతులోంచి, అతనిది కాని గొంతొకటి, మూడు నెలలుగా మాట్లాడని బొంగురుతో, చిన్ననాడు నీళ్ళలోకి దూకడం నేర్పినప్పటిలాగే కసురుకుంటున్నట్టు, "జయా, కాళ్ళు దగ్గరగా పెట్టి చాపు. గడ్డం రొమ్ముకు ఆనించు. ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు!" అంది.

ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో జయంధరుడికే తెలియలేదు. కాళ్ళు చాపాడు, గడ్డం ఆనించాడు. గద్ద గోళ్ళు ఒట్టి నీళ్ళను గీరుకున్నాయి. పైడేరు అన్నదమ్ములిద్దర్నీ ఎత్తుకుని అంచు దాటింది.